ఒక్క పనికే పుట్టిన భాష

జంతికల గొట్టంతో పప్పు ఎనపలేం, కవ్వంతో కూర కలపలేం. అయినా ఏ ఇల్లాలూ వాటిని పాతసామాన్లవాడికి వేసెయ్యదు. ఏడాదికి రెండుసార్లే అటక దిగినా, ఆ రెండుసార్లూ వాటి పని మరొకటి చెయ్యలేదని ఆవిడకి తెలుసు. కంప్యూటరు భాషల దగ్గరకొచ్చేసరికి మాత్రం పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా ఈ చిన్న సంగతి మరిచిపోతారెందుకో!

కంప్యూటరుకి పని చెప్పడానికి భాషలు వందల్లో ఉన్నాయి. జావా, పైథాన్ లాంటివి ఏ ఊళ్ళోనైనా చెల్లే నోట్లు. నేర్చుకుంటే ఉద్యోగానికి దారి దొరుకుతుంది. ఇవికాక ఒక్కో పనికోసమే పుట్టినవి ఉన్నాయి. పట్టికల్లోంచి వివరాలు అడగడానికి ఎస్‌క్యూఎల్, గణాంకాలకి ఆర్, టెలిఫోన్లకి ఎర్లాంగ్. ఈ ఎర్లాంగ్‌ది అచ్చంగా పుట్టింటివాళ్ళే గడప దాటించిన పిల్ల కథ.

1986లో స్వీడన్‌లోని ఎరిక్‌సన్ టెలిఫోన్ కంపెనీలో జో ఆర్మ్‌స్ట్రాంగ్ దీన్ని మొదలుపెట్టాడు. రాబర్ట్ వర్డింగ్, మైక్ విలియమ్స్ చెయ్యి కలిపారు. టెలిఫోన్ల రద్దీని లెక్కగట్టిన డెన్మార్క్ గణితజ్ఞుడి పేరు పెట్టారు. ఎక్స్ఛేంజితో చిక్కేమిటంటే, అది ఆగకూడదు. ఒకరి కాల్ తెగితే తెగవచ్చుగాని, దానితోపాటు ఊరందరి ఫోన్లూ మూగబోతే ఎలా?

పెళ్ళివారి వంటశాల గుర్తు తెచ్చుకోండి. ఒక పొయ్యి ఆరిపోతే పెద్దవంటాయన దాన్ని మళ్ళీ వెలిగిస్తాడు. ఈలోగా మిగతా పొయ్యిలు మండుతూనే ఉంటాయి, పంక్తిలో వడ్డన ఆగదు. ఎర్లాంగ్‌లో ప్రతి కాల్‌కీ అలా వేరే పొయ్యి, వాటిని కనిపెట్టుకుని ఉండే పెద్దవంటాయన. తప్పు జరగనే జరగదని గొప్పలు పోకుండా, జరిగిన తప్పు పక్కకి పాకకుండా చూస్తుందన్నమాట.

ఇంత చేసినా 1998లో ఎరిక్‌సన్‌లోని ఒక విభాగం కొత్త పనులకి ఈ భాష వాడొద్దంది. అందరికీ తెలిసిన భాషలే కావాలంది. అదీ తీసిపారేసే మాట కాదు. తెలిసిన నలుగురూ వెళ్ళిపోతే ఆ పని ఎవరు చూస్తారు? అదే ఏడాది డిసెంబరులో భాషని ఎవరైనా ఉచితంగా వాడుకునేలా బయటికి వదిలారు. తర్వాత 2009లో మొదలైన వాట్సాప్ దాన్ని చేరదీసింది. 2014 నాటికి వాట్సాప్ వాడేవాళ్ళు 45 కోట్లు; అదంతా నడిపిన ఇంజనీర్లు నలభైమంది కూడా లేరు!

మా అక్క కూతురికి ఈ భాషంటే ప్రాణం. అందరూ అడిగే భాషలో నిక్షేపంలాంటి ఉద్యోగం వదిలేసి, జీతం తగ్గినా సరే, ఎర్లాంగ్‌తో పనిచేసే ఓ చిన్న కంపెనీకి వెళతానంటోంది. ఇంటి అప్పు వాయిదాలు కట్టేది తనే. "నీ మాటైతే వింటుంది, వద్దని చెప్పవే" అంది అక్క.

వద్దని ఎలా చెప్పను? రేపు ఆ కంపెనీ మూసేస్తే ఇలాంటి ఉద్యోగం మరొకటి దొరకడం కష్టమే. కానీ ఒక పొయ్యి ఆరితే ఇల్లంతా పస్తుండకుండా చూడడం నేర్చుకున్న పిల్ల, ఏ భాషలోకి వెళ్ళినా ఆ తెలివి వెంట తీసుకెళుతుంది కదా! అందుకే ఒక్కటే అడిగాను - "ఎన్ని వాయిదాలకి సరిపడా డబ్బు దాచావే?" అని.

"ఆరు నెలలకి, పిన్నీ!"

"ఇంకో ఆరు నెలలకి కూడబెట్టి, అప్పుడు వెళ్ళు" అన్నాను.

అక్కకి కోపం వచ్చింది. రెండు వారాలుగా ఫోన్ లేదు. వాట్సాప్‌లో మాత్రం రోజూ పొద్దున్నే పువ్వుల బొమ్మతో "శుభోదయం" పంపుతూనే ఉంది. అది ఏ భాష భుజాలెక్కి నా దాకా వస్తోందో అక్కకి నేనింకా చెప్పలేదు.