పక్క సైటులోని గడ్డి

యలహంకలో మా ఇంటిని ఆనుకొని ఒక ఖాళీ సైటు ఉన్నది. యజమాని ఎక్కడో పైదేశంలో ఉంటాడు. వానకాలంలో అందులో గడ్డి నడుమెత్తు పెరుగుతుంది. సంక్రాంతి దాటేసరికి పండి, ఎండి, గాలికి గలగలమంటుంది. ఏటేటా శివరాత్రి ముందు మేము చేసే పని ఒకటి ఉండేది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉన్నది. రాలిన ఆకులూ, ఇంటి చెత్తా ఆ సైటు మూలకు ఊడ్చి, అగ్గిపుల్ల గీసి వేసేవారము. దోమలు పోతాయి, పాములు రావు అని మా సమర్థన.

2017లో ఒక మధ్యాహ్నం ఆ నిప్పు మా మాట వినలేదు. ఎక్కడినుంచో ఒక విసురుగాలి వచ్చింది. చేతిలోని చీపురు దించేలోగా మంట సైటు నడిమికి పోయింది. అవతలి గోడవార కూలివారి గుడిసెలో ఒక పసిబిడ్డ నిద్రపోతున్నది. ఎదురింటి కన్నడ అమ్మగారు "బెంకి, బెంకి!" అని కేకలు పెడుతూ బిందెతో పరుగెత్తుకొని వచ్చింది. తల్లి బిడ్డను ఎత్తుకొని బయటపడ్డది. వీధిలోని తొట్ల నీళ్ళన్నీ తోడి పోసి ఆర్పినాము. గుడిసె మీది టార్పాలిను ఒక అంచు కాలింది. కొత్తది కొనిచ్చాము గాని, ఆ తల్లి మాతో ఒక్క మాటా అనలేదు. తిట్టి ఉంటే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాము.

తరువాత 2019 ఫిబ్రవరి 23, శనివారం. ఎయిరో ఇండియా విమాన ప్రదర్శన జరుగుతున్నది. మేము మరునాడు పోదామనుకున్నాము. మధ్యాహ్నం మిద్దె మీదినుంచి చూస్తే నల్లని పొగ. అంతకు నాలుగు రోజుల ముందే, 19వ తేదీన, సూర్యకిరణ్ విమానాలు రెండు ఢీకొని ఒక పైలటు మరణించి ఉండెను. మళ్ళీ విమానమే కూలిందని గుండె జారిపోయింది. కాదు, కార్లు నిలిపిన మైదానంలో ఎండుగడ్డి అంటుకున్నది. సుమారు 300 కార్లు కాలిపోయినవి. దైవికంగా ప్రాణనష్టం లేదు. ఎవరో పారవేసిన సిగరెట్టో, వేడెక్కిన సైలెన్సరో కారణమై ఉండవచ్చునని అన్నారు.

గడ్డి అంత చులకనైనది. లావు కట్టె ఎండడానికి వారాలు పడుతుంది. సన్నని గడ్డిపోచకు కొన్ని గంటల ఎండా పొడిగాలీ చాలు. తెల్లవారి మంచుకు తడిసినదైనా మధ్యాహ్నానికి అంటుకుంటుంది. గాలి మంటను ముందుకు వంచితే, ఆ సెగకు ముందున్న గడ్డి మంట రాకమునుపే సిద్ధమై ఉంటుంది. అదే వారంలో బందీపుర అడవి తగులబడ్డది. హెలికాప్టర్లతో నీళ్ళు పోయవలసి వచ్చింది. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వారు ఉపగ్రహ చిత్రాలు చూసి, సుమారు 4,400 హెక్టార్లు కాలినదని లెక్క కట్టినారు.

యలహంకలో మంటను ఆపినది నీళ్ళు ఒక్కటే కాదు. పక్కనున్న కార్లను తొలగించి నడుమ ఎడం చేసినారు. ఆ మాట వినగానే మాకు తాతగారు జ్ఞాపకం వచ్చారు. అనంతపురం జిల్లాలోని మా ఊళ్ళో ఆయన రెండు వాముల నడుమ ఎద్దులబండి తిరిగేంత ఎడం వదలి, చుట్టూ నేల కనబడేట్లు చెక్కించేవారు. "ఇంత చోటు దండుగ గదా, తాతా" అని మేము అంటే నవ్వేవారు. ఎండలు ముదిరితే, పొయ్యిలోని బూడిద మీద నీళ్ళు చల్లినదాకా అవ్వ నడుం వాల్చేది కాదు. ఇవన్నీ కళ్ళారా చూచి పెరిగినవాళ్ళమే, పట్నం వచ్చి అగ్గిపుల్ల గీసినాము.

ఇప్పుడు వీధిలో ఏడిళ్ళవారము తలా కొంత వేసుకొని, సంక్రాంతి కాగానే గడ్డి కోయిస్తున్నాము. సైటు యజమానికి రెండు ఉత్తరాలు రాసినా జవాబు లేదు. మొన్న ఆదివారం ఇద్దరు మనుషులు కొడవళ్ళతో వచ్చారు. పాలామె తన ఆవులకని రెండు మోపులు కట్టుకొని పోయింది. తూర్పు మూల ఇంకా కొంత మిగిలి ఉన్నది. వారంలోగా అదీ కోయించాలి.