కట్టమీదికి సైకిలు ప్రయాణం

మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. వీధిలో సైకిలు తొక్కటం వచ్చిందో లేదో, "నాన్నా, హుసేన్ సాగర్ కట్టమీదికి పోదాం," అని పట్టుపట్టింది. హైదరాబాదు రోడ్లంటే మాటలా? వాళ్ళమ్మ మొదట ససేమిరా అన్నది. చివరకు ఆదివారం పెందలాడే, బండ్లు పలచగా ఉండే వేళ, తలకు హెల్మెట్లు పెట్టుకుని దోమలగూడ నించి బయలుదేరాం.

పిల్లలూ, ఇద్దరు కలిసి పోయేటప్పుడు ముందు ఎవరుండాలి? నేను ముందుంటే అమ్మాయి నాకు కనిపించదు. అందుచేత ఆమె ముందు, రోడ్డుకు ఎడమ అంచున. నేను వెనక, కాస్త కుడికి. వెనకనించి వచ్చేవాళ్ళు ముందు నన్ను చూసి తప్పుకుపోతారు.

ఇంతా ఆలోచించి కూడా నేనే తప్పు చేశాను. వెనక బస్సు హారను వినిపించగానే, "జాగ్రత్త!" అని కేక పెట్టాను. అమ్మాయి ఉలిక్కిపడి వెనక్కి చూసింది. తల తిరిగితే భుజాలు తిరుగుతాయి, భుజాలతో హాండిలూ తిరుగుతుంది. సైకిలు సరాసరి బస్సుకు అడ్డం పోయింది! డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. బస్సు రెండు బారల దూరంలో ఆగింది. అమ్మాయి ఏడవలేదు గాని, నా కాళ్ళే వణికాయి.

పక్కన అరుగుమీద కూచుని ఒప్పందం చేసుకున్నాం. నేను కేకలు పెట్టకూడదు. "ఎడమ" అంటే అంచుకు జరగాలి, "ఆగు" అంటే రెండు బ్రేకులూ పట్టాలి. వెనక్కి చూడాలంటే ముందు ఆగాలి.

"మరి నువ్వు వెనక ఉన్నావని నాకెలా తెలుస్తుంది?" అన్నది. అది నాకు తోచనేలేదు. ప్రతి దీపస్తంభం దగ్గరా ఒకసారి బెల్లు కొడతానన్నాను.

కట్ట దిగువ రోడ్డులో, "నీళ్ళేవీ?" అని అడిగింది.

"మన తలలకన్నా ఎత్తున, ఆ కట్టకు ఆవల!" అన్నాను. 16వ శతాబ్దంలో, ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో వేసిన ఆ కట్ట అంత నీటినీ ఆపుతున్నదంటే ఆమె ఒక పట్టాన నమ్మలేదు.

ఎత్తెక్కేటప్పుడు సైకిలు తూగింది. సైకిలు ఎడమకు ఒరిగితే హాండిలు కూడా కాస్త ఎడమకే తిరగాలి. అప్పుడు చక్రాలు పడబోయే బరువు కిందికి వచ్చి నిలబెడతాయి. నెమ్మదిగా పోయేటప్పుడు చక్రాలు అక్కడికి వేళకు చేరవు. హాండిలు ఎక్కువెక్కువగా తిప్పవలసివస్తుంది. అందుకే ఆ వంకరటింకర నడక.

పైన ఒకటే గాలి. చెరువు మధ్య, 1992లో నిలబెట్టిన ఏకశిలా బుద్ధవిగ్రహం. అమ్మాయి మాత్రం కాసేపే చూసి, "పద నాన్నా, బెల్లు కొట్టు," అన్నది.

ఇంటికి వచ్చి బస్సు సంగతి దాచకుండా చెప్పాను. వాళ్ళమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత నా సైకిలు దగ్గరికి పోయి చూసి, "ఈ బెల్లు వదులుగా ఉన్నది. వచ్చే ఆదివారానికి బిగించండి," అన్నది.