రంభ దారిలో ఎర్రదీపం

బరంపురం నుంచి రంభకు సుమారు యాభై కిలోమీటర్లు. కొత్త కార్లవారికి గంట ప్రయాణం. మేము మాత్రం కిందటి జనవరిలో ఒక ఆదివారం ఉదయం ఎనిమిదింటికి బయలుదేరి, మధ్యాహ్నం రెండింటికి చేరాము. కారణం, మా బండి డాష్‌బోర్డు మీది చిన్న ఎర్రదీపం.

మా బండి 1972 నాటి అంబాసిడరు, మార్కు టూ. నాన్నగారు వాడినది. ఆయన పోయాక దానిని అమ్మివేద్దామన్న మాట ఇంట్లో ఏడాదిగా నలుగుతున్నది. "ఒక్కసారి ఆ బండిలో నన్ను రంభ తీసుకుపోయి, తరువాత మీ ఇష్టం వచ్చినట్లు చేసుకోండి" అన్నది అమ్మ. నాన్నగారు రంభ స్టేషనులో గుమాస్తాగా ఉన్న రోజుల్లో ఆమె కొత్త కాపురం అక్కడే. ఇప్పుడామెకు డెబ్బై ఎనిమిదేండ్లు.

ఛత్రపురం దాటగానే దీపం మినుకుమన్నది. ఋషికుల్య వంతెన ఎక్కేసరికి నిండుగా వెలిగింది. నిజం చెప్పాలంటే అది మాకు పాత చుట్టమే. నెల క్రితం ఇట్లాగే వెలిగితే, ఊళ్ళో ఒక దుకాణంవారి మాట నమ్మి కొత్త బ్యాటరీ కొన్నాము. కొత్తది గనుక కొన్నాళ్ళు బండి చక్కగా స్టార్టయింది. దీపం సంగతి మరిచాము.

వంతెన దాటి, చెట్టు నీడన ఆపి బానెట్ ఎత్తాము. ముందుగా చూడవలసినది ఫ్యాను బెల్టు. ఈ బండిలో డైనమోనూ, రేడియేటరు నీటిని తిప్పే పంపునూ ఆ ఒక్క బెల్టే తిప్పుతుంది. అది తెగితే నాలుగు మైళ్ళు కూడా నడపరాదు, ఇంజను కాగిపోతుంది. మా బెల్టు బాగానే ఉన్నది. బొటనవ్రేలితో నొక్కితే అరంగుళం లోపలికి పోయింది. అంతే ఉండాలి.

అయితే వెనక్కు తిరగడమా, ముందుకు పోవడమా? పగటిపూట, హెడ్‌లైట్లు, వైపర్లు లేకుండా బండి నడవడానికి ఇంజనులోని నిప్పురవ్వకు కావలసిన కరెంటు చాలు. అది మూడు నాలుగు ఆంపియర్లు. బ్యాటరీ నిండుగా ఉంటే కొన్ని గంటలు లాగుతుంది. కాని తిరిగి వచ్చేసరికి చీకటి పడుతుంది. మా ఆవిడ వెనక్కు పోదామన్నది. అమ్మ ఏమీ అనలేదు, కిటికీలోంచి నదిని చూస్తూ కూర్చున్నది. ఆ మౌనం చూచి గంజాం ఊళ్ళోకి పోనిచ్చాము.

గంజాం ఈనాడు చిన్న ఊరు గాని, జిల్లాకు పేరిచ్చినది అదే. కుంఫిణీవారి కాలంలో అధికారులుండే చోటు. 1936 ఏప్రిలు 1న ఈ ప్రాంతం మద్రాసును విడిచి ఒరిస్సాలో చేరింది. మా తాతలు ఉన్న చోటనే ఉన్నారు. రోడ్డు పక్క షెడ్డులో ఒక ముసలి మెకానిక్కు దొరికాడు. ఒడియాలో సంగతంతా చెప్పాము. "బ్యాటరీ కొన్నారా బాబూ?" అని నవ్వాడు. చెప్పుకోవాలంటే సిగ్గే.

ఆయన చెప్పినది ఇది. దీపానికి ఒక వైపు బ్యాటరీ, ఒక వైపు డైనమో. తాళం తిప్పినప్పుడు డైనమో ఊరకుంటుంది గనుక బ్యాటరీ కరెంటు దీపం గుండా అటు పారుతుంది, దీపం వెలుగుతుంది. ఇంజను వేగం పుంజుకొని రెండు వైపులా వోల్టేజి సమానమైతే ఆరిపోతుంది. పరుగులో వెలిగిందంటే డైనమో పని చేయడం లేదన్నమాట, లేదా దాని కరెంటు బ్యాటరీని చేరడం లేదన్నమాట. తాళం తిప్పినా వెలగకపోతే అదీ మంచిది కాదు, బల్బు మాడిపోయి ఉంటుంది. ఇంజను ఆపినా ఆరకపోతే మాత్రం కటౌటు అతుక్కున్నట్లు, వెంటనే బ్యాటరీ తీగ ఊడదీయాలి.

డైనమో వెనుక రెండు తీగలు విప్పి, ఆ రెండు మొనలనూ చిన్న తీగతో కలిపి, అక్కడికీ బండి ఇనుముకూ మధ్య ఒక బల్బు పట్టాడు. ఇంజను మెల్లగా పెంచాము. బల్బు వెలగలేదు. కటౌటు పెట్టెది తప్పు కాదు, డైనమోదే. ఊడదీసి చూస్తే, లోపలి రెండు బొగ్గు బ్రష్షులలో ఒకటి అరిగి గోరంత మిగిలి, తన గూటిలోనే ఇరుక్కున్నది. అది ఒరుసుకొనే రాగి చట్రం మసిబారి ఉన్నది. పెట్రోలులో ముంచిన గుడ్డతో దానిని తుడిచి, రేకు డబ్బాలోంచి రెండు బ్రష్షులు తీసి ఆకురాయితో సరిపెట్టాడు. బ్యాటరీకి పెట్టిన సొమ్ములో ఇరవయ్యో వంతు కూడా కాలేదు. అయితే మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలూ అమ్మ బెంచీ మీద కూర్చుని, ఆయన కోడలితో ఒడియాలో చేపల ధరలు మాట్లాడింది.

రంభలో అమ్మ కాపురమున్న పెంకుటిల్లు లేదు. ఆమె ఆ చోట రెండు నిమిషాలు నిలబడి, "నుయ్యి ఇక్కడ ఉండేది" అని మాత్రం అన్నది. ఒడ్డున కూర్చుని చిలకా సరస్సు చూచాము. నీళ్ళ నడుమ రాతి మీద, శిఖరాన దీపం పెట్టడానికని కుంఫిణీ కలెక్టరు స్నాడ్‌గ్రాస్ కట్టించిన స్తంభం కనబడుతూనే ఉన్నది.

తిరుగు దారిలో చీకటి పడింది. హెడ్‌లైట్లు వేశాము, ఎర్రదీపం రాలేదు. ఛత్రపురం దగ్గర లారీల వెనుక ఆగినప్పుడు మళ్ళీ మినుకుమన్నది. "వచ్చింది, వచ్చింది" అన్నది అమ్మ వెనుక సీటులోంచి. ఇంజను మెల్లగా తిరుగుతున్నప్పుడు అంత మాత్రం వెలగడం సహజమేనని చెప్పి, యాక్సిలరేటరు కాస్త నొక్కాము. ఆరిపోయింది.

"మరి అమ్మకం సంగతి?" అన్నది మా ఆవిడ.

అమ్మ అప్పటికే నిద్రలోకి జారుకున్నది.