మంద్రంలో మెరుపు: జాన్ ఎంట్‌విసిల్

రాక్ సంగీతాన్ని గురించి తెలుగులో రాయడానికి కూర్చుంటే మొదటి చిక్కు మాటల దగ్గరే వస్తుంది. బేస్ గిటారును ఏమనాలి? మంద్ర గిటారు అంటే అర్థం సరిగానే కుదురుతుంది గాని నోటికి పట్టదు. పోనీ బేస్ అనే రాద్దామంటే, మన లిపిలో అది పునాది అనే అర్థమున్న మరో ఇంగ్లీషు మాటతో కలిసిపోతుంది. ఆలోచించి చూస్తే ఆ కలగాపులగమే నయమనిపిస్తుంది. పాటకు పునాదిలా కింద పడివుండటమే ఆ వాద్యం పని అని చాలాకాలం అందరూ అనుకున్నారు కదా! పునాదిని ఎవరూ చూడరు. ఇల్లు ఒరిగినప్పుడు తప్ప అదొకటి ఉందని గుర్తుకూడా రాదు. ఆ ఏర్పాటుకు ఒప్పుకోని ఒక వాద్యకారుణ్ణి గురించి ఈ టపా.

జాన్ ఎంట్‌విసిల్ 1944 అక్టోబరు 9న లండన్‌లో పుట్టాడు. చిన్నతనంలో పియానో, ఆ తరవాత ట్రంపెట్, ఫ్రెంచ్ హార్న్ నేర్చుకున్నాడు. పీట్ టౌన్‌షెండ్ ఆయనకు బడిలో స్నేహితుడు. బడి వదిలాక కొంతకాలం పన్నుల కార్యాలయంలో గుమాస్తాగా పనిచేశాడు. తరవాత ఈ ఇద్దరూ, గాయకుడు రోజర్ డాల్ట్రీ, డ్రమ్ములు వాయించే కీత్ మూన్ కలిసి 'ద హూ' బృందమయ్యారు. 2002 జూన్ 27న అమెరికా పర్యటన మొదలు కావడానికి ఒక్కరోజు ముందు, లాస్ వేగస్‌లోని హోటలు గదిలో మరణించాడు. వయసు యాభై ఏడు. గుండెపోటుకు కొకెయిన్ కారణమని తేల్చారు. జీవితచరిత్రకు ఇంత చాలు. నాకు కావలసింది ఆయన వాద్యం.

ఆయన బేస్ నేను మొదటిసారి శ్రద్ధగా విన్నది మంచి సరంజామా మీద కాదు. కంప్యూటరుతో పాటు ఉచితంగా వచ్చిన, అరచేతిలో పట్టే రెండు స్పీకర్లు. పాట 1973లో వచ్చిన 'క్వాడ్రోఫీనియా'లోని 'ద రియల్ మీ'. ఆ స్పీకర్లలో ఏ పాట పెట్టినా బేస్ అన్నది ఊహించుకోవలసిందే. అలాంటిది ఈ పాటలో గిటారు వెనక్కి తగ్గి, బేస్ ముందుకు వచ్చి గాయకుడితో వాదనకు దిగినట్టు వినబడింది. డాల్ట్రీ ఒక పాదం ముగించి ఊపిరి తీసుకునే లోపల ఆ ఖాళీలోకి తీగలు గలగల జారిపడతాయి. స్పీకర్లు మారలేదు, మరి ఇది ఎలా వినబడుతోందన్న ప్రశ్న నన్ను చాలాకాలం వదల్లేదు.

సమాధానం మన ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలోనే ఉంది. బేస్ గిటారు అన్నిటికన్నా కింది తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. చిన్న స్పీకరు అంత కింది ధ్వనిని దాదాపు పలకలేదు. అయితే తీగ ఒక్క పౌనఃపున్యంతోనే మోగదు. దానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతలుగా అతిస్వరాలు పైన పలుకుతూ ఉంటాయి. ఆ పై వరస స్పష్టంగా వినబడితే చాలు, అడుగున ఉండవలసిన స్వరాన్ని మన మెదడు తానే పూరించుకుంటుంది. అంటే, బేస్ వినబడాలంటే దానికి కావలసింది మరింత మంద్రం కాదు, మరింత తారం. అరవైలలో ఇంగ్లండు కుర్రకారు పాటలు విన్నది చిన్న రేడియోలమీద, చౌకరకం రికార్డు ప్లేయర్లమీద. అక్కడ బతికి బట్టకట్టాలంటే బేస్‌కు పైగొంతు ఉండాలి. ఎంట్‌విసిల్ దీన్ని సూత్రాలతో లెక్కగట్టి ఉండడు, చెవితోనే పట్టుకున్నాడు.

మనకు ఇది కొత్త సంగతేమీ కాదు. తంబురా చూడండి. దానికీ నాలుగే తీగలు. ఉత్త తీగను మీటితే ముక్తసరిగా మోగి ఊరుకుంటుంది. గుర్రం మీద తీగ కింద ఒక సన్నని దారప్పోగు జరిపి సరైనచోట నిలిపితే, అదే తీగ విచ్చుకుని రంగులు చిమ్ముతుంది. ఆ పోగును 'జీవ' అన్నారు మనవాళ్ళు. ఎంత మంచి పేరు! ఎంట్‌విసిల్ పదేళ్ళపాటు వెదికింది ఆ జీవ కోసమే అనుకుంటాను.

వెదుకులాట ఒక తమాషా కథతో మొదలవుతుంది. 1965లో 'మై జెనరేషన్' పాటలో బేస్‌కు విడిగా కొన్ని ముక్తాయింపులు ఇచ్చారు. గిటారు ఒక మాట అంటే బేస్ బదులు చెప్పాలి. ఆనాటికి అది అపురూపం. ఆ రోజుల్లో బేస్‌కు వాడేవి చదునుగా చుట్టిన తీగలు. ఉక్కు తీగ మీద పలకలాంటి రేకు చుట్టడంతో పైన నున్నగా ఉండి, శబ్దం మొద్దుగా, దుప్పటి కప్పినట్టుగా వచ్చేది. డాన్‌ఎలెక్ట్రో అనే అమెరికన్ బేస్‌కు సన్నని, గణగణలాడే తీగలుంటాయని ఆయన ఒకటి కొన్నాడు. తీగ తెగింది. ఇంగ్లండులో ఆ తీగ విడిగా అమ్మేవాళ్ళు లేరు. తీగ కోసం మరో గిటారు కొన్నాడు. అదీ తెగింది. మూడోది కూడా కొన్నాడు. చివరికి విసిగి ఫెండర్ జాజ్ బేస్ మీద, మామూలు చదును తీగలతోనే వాయించి రికార్డింగు పూర్తిచేశాడు. ఇది ఆయనే ముఖాముఖీల్లో చెప్పుకున్న కథ. ఒక తీగ కోసం మూడు గిటార్లు కొన్న మాజీ పన్నుల గుమాస్తా మీద నాకు అభిమానం కలగడానికి అదే చాలు.

1966లో రోటోసౌండ్ తీగల కంపెనీ అధిపతి జేమ్స్ హౌ దగ్గరికి వెళ్ళి, గుండ్రని తీగ చుట్టిన తంత్రుల్లో పై రెండూ బాగానే మోగుతున్నాయి, కింది రెండే సరిగ్గా కంపించడం లేదని పట్టుబట్టి సరిచేయించుకున్నాడు. అలా రూపుదిద్దుకున్న గుండ్రచుట్టు తీగలే ఆ తరవాత రాక్ బేస్‌కు ప్రమాణమయ్యాయి. అవి ముట్టుకుంటే గరుకు. వేలు జరిపితే కీచుమంటాయి. మీటితే మాత్రం పియానో అడుగు మెట్లలా విచ్చుకుంటాయి. క్రిస్ స్క్వైర్ మొదలు ఎందరో వాయించిన బేస్ ఆ తీగల మీద నిలబడినదే.

గిటార్ల జాబితా రాయాలంటే ఈ టపా చాలదు. ఆయన వందలకొద్దీ పోగుచేశాడు. నాకు ఇష్టమైనది ఒకటే, 'ఫ్రాంకెన్‌స్టీన్'. 1967లో శాన్‌ఫ్రాన్సిస్కో హోటలు గదిలో కూర్చుని, పాడైపోయిన ఐదు ప్రెసిషన్ బేస్‌ల నుంచి పనికొచ్చే భాగాలు ఏరి, స్క్రూడ్రైవరు, టంకం సాయంతో ఒకటిగా కూర్చాడు. వెలిసిన గులాబిరంగు మొండెం, ఇంకెక్కడిదో మెడ. రోజంతా పాడైన సామాను విప్పి ముందేసుకుని కూర్చునే మెకానిక్కులు మన వీధుల్లోనూ ఉన్నారు గనుక ఆ దృశ్యం ఊహించుకోవడం కష్టం కాదు. తరవాతి ఏళ్ళలో గిబ్సన్ థండర్‌బర్డ్‌లు, ఖరీదైన అలెంబిక్‌లు, గద్దముక్కులా వంగిన బజర్డ్‌లు వచ్చాయి. అవన్నీ చూడముచ్చటగా ఉంటాయి. నా చెవికి మాత్రం ఆ అతుకుల గిటారు కాలమే గొప్ప కాలం.

ఇక కుడిచేయి. మామూలుగా బేస్ వాయించేవారు రెండు వేళ్ళతో తీగను లాగి వదులుతారు. ఎంట్‌విసిల్ అదీ చేశాడు, గోటిబిళ్ళతోనూ వాయించాడు. కాని ఆయన సొంతమైన పద్ధతిని టైపురైటర్ అంటారు. కుడిచేతి నాలుగు వేళ్ళనూ తీగలకు పైన నిలిపి, లాగడానికి బదులు టైపు కొట్టినట్టు తీగ మీద కొట్టడం. తీగ వెళ్ళి మెట్టుకు తగిలి తుళ్ళిపడుతుంది. స్వరంతోపాటు ఒక చిన్న దెబ్బ చప్పుడు కూడా పుడుతుంది. నాలుగు వేళ్ళు నాలుగు తీగల మీద ఉంటే తీగవాద్యం కాస్తా మృదంగం అవుతుంది. నా దగ్గరున్న పాత బేస్ మీద ఇది సాధన చేసి చూశాను. నెలరోజులకు నాలుగు వేళ్ళూ ఒకే బలంతో పడటం మొదలైంది, చిటికెన వేలు తప్ప. దృశ్యాల్లో ఆయన చేతిని చూస్తే చిటికెన వేలు కూడా పెద్దన్నలతో సమానంగా పనిచేస్తూ ఉంటుంది.

ఇంత అవసరం ఆయనకెందుకొచ్చింది? బృందం నిర్మాణమే అలాంటిది. మూన్ తాళం పట్టి ఊరుకునే మనిషి కాదు, పాట పొడుగునా తనిఆవర్తనమే. టౌన్‌షెండ్ గిటారు మీద విడివిడి స్వరాలకన్నా పెద్దపెద్ద స్వరగుచ్ఛాలను చేయి తిప్పి కొట్టేవాడు. మామూలుగా డ్రమ్ము కాలాన్ని, గిటారు రాగాన్ని మోస్తాయి. ఇక్కడ రెండు బరువులూ బేస్ మీదే పడ్డాయి. హార్న్ ఊదిన చెవి కావడం వల్ల కాబోలు, ఆయన వరసల్లో ఇత్తడి వాద్యాల ధీమా ఉంటుంది. 'క్వాడ్రోఫీనియా'లో వినబడే కొమ్ములన్నీ ఆయనే ఊదాడు.

ఆ ముగ్గురూ వేదికంతా ఎగిరి దూకి గిటార్లు, డ్రమ్ములు పగలగొడుతుంటే ఈయన ఒక మూల కదలకుండా నిలబడేవాడు. 1970లో వైట్ దీవి ఉత్సవంలో అస్థిపంజరం బొమ్మ వేసిన దుస్తులు తొడుక్కుని వచ్చాడు. ఆ అస్థిపంజరమూ కదలలేదు. స్నేహితులు పెట్టిన పేరు 'ఎద్దు'. మన ఊళ్ళ లెక్కలో అది తిట్టు కాదు, బండి ఎవరు లాగుతున్నారో చెప్పే మాట.

కదలని ఈ మనిషే అందరికన్నా పెద్ద ధ్వని కావాలన్నాడు. మూన్ డ్రమ్ముల హోరులో తన తీగ తనకే వినబడక, జిమ్ మార్షల్ దుకాణం నుంచి పన్నెండంగుళాల స్పీకర్లు నాలుగేసి ఉన్న పెట్టెలు తెచ్చుకున్నాడు. అది చూసి టౌన్‌షెండ్ కూడా తెచ్చుకున్నాడు. ఇద్దరూ పోటీపడి వంద వాట్ల ఆంప్లిఫయర్లు తయారు చేయించారు. పెట్టె మీద పెట్టె ఎక్కింది. ఈనాడు ప్రతి రాక్ వేదిక వెనకా గోడలా కనిపించే స్పీకర్ల దొంతర ఈ స్నేహితుల పోటీలో పుట్టిందే. తరవాత ఎంట్‌విసిల్ తన ధ్వనిని రెండుగా చీల్చి, మంద్రాన్ని కొన్ని స్పీకర్లకు శుభ్రంగా, తారాన్ని మరికొన్నిటికి గరగరలాడేలా పంపాడు. 1976 మే 31న లండన్‌లో చార్ల్‌టన్ ఫుట్‌బాల్ మైదానంలో జరిగిన వీరి కచేరీ ధ్వని వంద అడుగుల దూరంలో 126 డెసిబెళ్ళు నమోదై గిన్నిస్ పుస్తకానికెక్కింది.

ఈ అంకె దగ్గర నా అభిమానం కొంచెం తడబడుతుంది. మా నాన్నగారు ఉత్తరాంధ్రలో ఒక జూటు మిల్లులో ఇరవై ఎనిమిదేళ్ళు మగ్గాల మధ్య పనిచేశారు. చెవికి పెట్టుకోవడానికి పత్తి కూడా ఇచ్చినవారు లేరు. ఆయనకు లారీ హోరు ఇప్పటికీ వినబడుతుంది. వినబడనివి స, శ, త, క. మాట వస్తుంది గాని దాని అంచులు రావు. పెద్ద చప్పుడు వల్ల పోయే వినికిడి ముందుగా నాలుగువేల కంపనాల దగ్గర, అంటే హల్లులు బతికేచోట పోతుంది. మాట్లాడేటప్పుడు నాన్నగారి చూపు మన పెదవుల మీద ఉంటుంది. మిల్లులో మగ్గం ఆగిందో లేదో పాదాలకు తెలిసేదట. ఎంట్‌విసిల్‌కు కూడా వినికిడి బాగా దెబ్బతిన్నది. స్పీకర్ల నుంచి ఒంటికి తగిలే గాలిని బట్టి లయ పట్టుకుని వాయించేవాడని తోటి సంగీతకారుడు రాండీ బాఖ్‌మన్ తరవాత చెప్పాడు. ఆ మాట చదివినప్పుడు నాకు కనిపించినవి మగ్గం పక్కన చెప్పులు విడిచిన రెండు పాదాలు.

చివరి రోజుల్లో ఆయన నాదం మరీ పదునెక్కి, లోహపు రజనులా రాలుతుంది. అభిరుచి మారిందని కొందరంటారు. నా అనుమానం వేరు. మంద్రవాద్యానికి తారాన్ని ఇచ్చిన మనిషికి ఆ తారమే వినబడకుండా పోతుంటే, వినబడేదాకా పెంచుకుంటూ పోయి ఉండవచ్చు. దీనికి నా దగ్గర రుజువు లేదు, 1970నాటి రికార్డునూ 2000నాటి రికార్డునూ పక్కపక్కన పెట్టుకుని విన్న నా చెవులు తప్ప.

ఆ ధ్వని బరువును పక్కవాళ్ళూ మోశారు. 2019లో టౌన్‌షెండ్ ఒక ముఖాముఖిలో, జాన్ బేస్ పెద్ద ఆర్గన్‌లా చోటంతా ఆక్రమించేదని, ఆయన పోయాక జరిగిన మొదటి కచేరీలోనే తనకంటూ ఒక పని దొరికినట్టయిందని అనే అర్థంలో మాట్లాడితే అభిమానులు మండిపడ్డారు. నాకు మాత్రం కోపం రాలేదు. నలభై ఏళ్ళు పక్కన నిలబడిన స్నేహితుడికి ఆ మాట అనే హక్కు ఉంది. పైగా అది నిజమేనని 2002 తరవాతి కచేరీలు వింటే తెలుస్తుంది. గిటారుకు గాలి ఆడుతుంది. పాటలో మాత్రం ఎవరో లేచి వెళ్ళిపోయిన కుర్చీ కనిపిస్తూనే ఉంటుంది.

కొత్తగా వినేవారు 'లైవ్ ఎట్ లీడ్స్'తో మొదలుపెట్టండి. 1970 ఫిబ్రవరి 14న లీడ్స్ విశ్వవిద్యాలయంలో చేసిన కచేరీ. బేస్ ఒక పక్కన, గిటారు మరో పక్కన వినబడేలా కూర్చారు గనుక, హెడ్‌ఫోన్లో ఒక చెవి తీసేస్తే ఎంట్‌విసిల్ దాదాపు ఒంటరిగా దొరుకుతాడు. తరవాత 'ద రియల్ మీ'. ఆ పైన 2000 నవంబరు 27న రాయల్ ఆల్బర్ట్ హాలులో 'ఫైవ్ ఫిఫ్టీన్' పాట మధ్య వాయించిన ఏకవాద్యం. దృశ్యం దొరికితే చూడండి. ముఖంలో ఏమీ కనిపించదు, కుడిచేతినే చూడండి. ధ్వని మరీ పెంచనక్కరలేదు, చిన్న స్పీకర్లయినా సరిపోతాయి.