అడుగులు లెక్కపెడితే సరిపోదు

వేసవిలో కాలిఫోర్నియాలో సాయంత్రం అయిదున్నరయితే అనకాపల్లిలో మర్నాడు ఉదయం ఆరు. ఫ్రీమాంట్‌లో కొడుకు ఆఫీసు ముగించుకునే వేళా, గవరపాలెంలో తల్లి కాఫీ కలుపుకునే వేళా ఒకటే. ఫోన్లో రోజూ అవే ప్రశ్నలు. షుగరెంతుంది? ఎంత నడిచావు? మాత్ర వేసుకున్నావా? మొదటి రెండింటికీ అతను పంపిన గ్లూకోమీటరూ, వాచీ చూసి టక్కున జవాబు చెబుతుంది. మూడోదానికే ఈమధ్య తడబాటు. "ఏసుకున్నట్టే ఉందిరా... లేదేటో!"

పెద్దతనం అని కొట్టిపారేసే సంగతి కాదిది. ఏళ్ల తరబడి షుగరుంటే మెదడులోని సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి, జ్ఞాపకశక్తి తగ్గే ప్రమాదం పెరుగుతుంది. తమ పనులు తాము చేసుకుంటూనే వయసుకు మించి మరిచిపోతుండే దశను డాక్టర్లు మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్ అంటారు. ఆ దశలో ఉన్న అందరూ డిమెన్షియా దాకా వెళ్లరు.

ఈ రెండు బాధలూ ఉన్న 60 ఏళ్లు దాటిన 328 మందిపై చైనాలో జరిగిన ఒక అధ్యయనం 2023లో జామా నెట్‌వర్క్ ఓపెన్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఒక బృందం తైచీ అనే చైనా సంప్రదాయ వ్యాయామం నేర్చుకుంది, ఇంకొకటి చురుగ్గా నడిచింది. వారానికి మూడుసార్లు, గంటసేపు, 24 వారాలు. మూడో బృందానికి వ్యాయామమేమీ లేదు. 36వ వారంలో జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి పరీక్షించి చూస్తే నడిచినవాళ్ల కంటే తైచీ చేసినవాళ్లదే పైచేయి. తేడా 30 మార్కుల్లో ఒక మార్కు లోపే. అద్భుతమేమీ కాదు, అలాగని తీసిపారేసేదీ కాదు.

కారణం ఊహించడం కష్టం కాదు. నడిచేటప్పుడు కాళ్లు ముందుకెళ్తుంటే మనసు కరెంటు బిల్లు దగ్గరో, కోడలి మాట దగ్గరో ఆగిపోవచ్చు. తైచీలో ఆ వీల్లేదు. 24 భంగిమల వరస గుర్తుంచుకోవాలి, బరువు ఏ కాలి మీదుందో గమనించాలి, ఊపిరి నిదానంగా తీయాలి.

అనకాపల్లిలో తైచీ మాస్టారిని వెతకడం కష్టమే, యోగా గురువులకు మాత్రం కరవు లేదు. 2016లో అమెరికాలోని యూసీఎల్‌ఏ పరిశోధకులు 55 ఏళ్లు దాటిన పాతికమందితో 12 వారాలు చేసిన చిన్న అధ్యయనంలోనూ యోగా, ధ్యానం జ్ఞాపకశక్తికి మేలు చేశాయి. పక్కనే విశాఖలో 2025 జూన్ 21న ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా 3 లక్షల మందికి పైగా యోగాసనాలు వేశారు. ఆ ఒక్కరోజు ఉత్సాహం వారానికి మూడు రోజుల అలవాటుగా మారితేనే ప్రయోజనం.

జాగ్రత్తలూ ఉన్నాయి. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు పరగడుపున వ్యాయామం చేస్తే షుగరు పడిపోవచ్చు. అరికాళ్లు మొద్దుబారినవాళ్లు కుర్చీ పట్టుకుని చేయాలి. రెటీనా దెబ్బతిన్నవాళ్లు తలకిందులుగా వేసే ఆసనాల జోలికీ, ఊపిరి బిగబట్టే ప్రాణాయామం జోలికీ పోకూడదు. బెల్లం మార్కెట్‌కు పేరుపడ్డ ఊరు కనుక ఇంకో మాట: పంచదార బదులు బెల్లం వేసిన కాఫీ షుగరున్నవాళ్లకు మంచిదనుకోవడం భ్రమ. బెల్లంలోనూ సింహభాగం సుక్రోజే.

మతిమరుపుకు మరో కారణమూ ఉండొచ్చు. షుగరుకు వేసుకునే మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్లకేళ్లు వాడితే విటమిన్ బి12 తగ్గి, దానివల్లా మతిమరుపు రావచ్చు. ఆ లోటును మందుతో సరిచేయవచ్చు. అందుకే ఈసారి సెలవులకు ఊరెళ్లే పిల్లలు కొత్త వాచీ కొనుక్కెళ్లే బదులు మూడు పనులు చేసి రావాలి: అమ్మానాన్నలకు బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించడం, ఏ ఆసనాలు వేయొచ్చో డాక్టరును అడగడం, నడిచి వెళ్లగలిగే దూరంలో ఓ యోగా తరగతిలో చేర్పించడం.