మొరటువాడి జాలి

కత్తులూ, మాంత్రికులూ ఉన్న బొమ్మల కథల్ని పిల్లలు చదువుతుంటే మనకు ఒళ్ళు మంట. అయితే కోనన్ సంగతి వినండి.

అమెరికన్ రచయిత రాబర్ట్ హోవర్డ్ కథ ‘ఏనుగు గోపురం’ 1933లో ఓ పత్రికలో వచ్చింది. రత్నం కాజేద్దామని గోపురమెక్కిన ఆటవిక వీరుడు కోనన్‌కి అక్కడ ఏనుగు తల ఉన్న ఓ జీవి కనిపిస్తుంది. మాంత్రికుడు దాన్ని బంధించి, చిత్రహింసలు పెట్టి, గుడ్డిదాన్ని చేశాడు. ఆ మొరటువాడి గుండె కాస్తా కరిగిపోతుంది!

1971లో రాయ్ థామస్, బారీ స్మిత్ దీన్ని కామిక్‌గా మలిచారు. ‘జాలిపడ్డాడు’ అని రచయిత ఒక్క ముక్కలో తేల్చెయ్యొచ్చు. చిత్రకారుడికి ఆ వీలేదీ? ఆ జాలి మొహంలో కనపడాలి. ఏనుగు తొండం చూసి నవ్వు రాకూడదు, కడుపు తరుక్కుపోవాలి.

అంచేత, పుస్తకం లాక్కునేముందు, పిల్లవాడు ఏ బొమ్మ దగ్గర ఆగిపోయాడో కాస్త చూడండి.