బొద్దు పాపాయికి జ్వరమొస్తే

ఎనిమిది నెలల మనవణ్ణి చంకనెత్తుకుని ఒక నాయనమ్మ నా దగ్గరికి వచ్చారు. మూడు రోజులుగా జ్వరం. దగ్గు, జలుబు, విరేచనాలు ఏమీ లేవు. చెవులూ గొంతూ బాగానే ఉన్నాయి. "పళ్లొస్తున్నాయండీ. పైగా మొన్న పేరంటంలో అందరి కళ్లూ వీడి మీదే" అన్నారావిడ. దిష్టి కూడా తీశారట.

కళ్లు పడేలాగే ఉన్నాడు, పదకొండున్నర కిలోలు! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన పట్టికలో పొడవుకు తగ్గ బరువు చూస్తే స్థూలకాయం కిందే లెక్క. ఆ మాట అంటే ఆవిడ నొచ్చుకున్నారు. బొద్దుదనాన్ని జబ్బుతో ముడిపెట్టడం మనవాళ్లకు మింగుడుపడదు.

మూత్రం కల్చర్‌కు పంపితే ఈ.కోలై అనే బ్యాక్టీరియా పెరిగింది. నెలల పిల్లల్లో మూత్రకోశ ఇన్‌ఫెక్షన్‌కు ఎక్కువగా ఇదే కారణం. మంటగా ఉందని వాళ్లు చెప్పలేరు. జ్వరం, చిరాకు, పాలు తాగకపోవడం, అంతే. ఆలస్యమైతే కిడ్నీ మీద మచ్చలు మిగలొచ్చు.

లావుగా ఉన్న పసివాళ్లలో ఈ ఇన్‌ఫెక్షన్ ఎక్కువని కొరియా, తైవాన్ వైద్యుల అధ్యయనాలు చూపాయి. లావే కారణమని మాత్రం ఇంకా తేలలేదు. తొడల మడతల్లో తడి నిలవడం, మలబద్ధకం, ఒంట్లో కొవ్వు రేపే వాపు... ఇలా రకరకాల ఊహలున్నాయి. నా అనుమానం పాలసీసా మీద. తల్లిపాలు తాగే పిల్లల్లో ఈ ఇన్‌ఫెక్షన్ తక్కువ. సీసాలో మిగిలిన పాలు కూడా బలవంతాన పట్టించడంతో బరువు పెరుగుతుంది. అలాగని సన్నటి పిల్లలకు రాదనుకోవద్దు, వస్తుంది.

అసలు చిక్కు మూత్రం పట్టడంలోనే. అంటించే సంచిలో పట్టిన మూత్రంలో చర్మం మీది క్రిములు కలుస్తాయి. కొవ్వులో అంగం కూరుకుపోయిన మగపిల్లల్లో ఆ సంచి సరిగా అంటుకోదు కూడా. సన్నని గొట్టం వేసి తీస్తామంటే పెద్దవాళ్లు హడలిపోతారు. క్షణాల పని అది. పొత్తికడుపు కింద చల్లటి తడి గుడ్డతో రుద్దితే కొందరు పిల్లలు అప్పటికప్పుడే పోసేస్తారు, గిన్నె పట్టుకుని సిద్ధంగా ఉండాలి!

ఇంకో పాప, పదకొండు నెలలది. అన్న కోసం కొన్న యాంటీబయాటిక్ సిరప్ మిగిలితే వాళ్లమ్మ రెండు రోజులు పోసింది. ఆ మందు వల్ల కల్చర్‌లో ఏమీ పెరగలేదు. జ్వరం మాత్రం పోలేదు. మందు ఆపాక మళ్లీ పరీక్ష చేస్తే గానీ దొంగ దొరకలేదు.

నెలల బిడ్డకు కారణం తెలియని జ్వరం వస్తే పళ్ల మీదకో దిష్టి మీదకో తోసేయకండి. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే మూత్రం కల్చర్‌కు పంపమని మీ డాక్టరుగారిని అడగండి.